పెద్దవాళ్ళ మతిమరుపుకు డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు మందుల చిట్టా ఎలా రాయాలి?

ఇంట్లో పెద్దాయనకో పెద్దావిడకో మతిమరుపు మొదలైందనగానే మనవాళ్ళు న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ తీసుకుంటారు. కొందరు ఎవరూ చెప్పకుండానే బ్రెయిన్ స్కానింగ్ కూడా తీయించేస్తారు. ఆ మనిషి ఇన్నేళ్ళుగా ఏమేం మందులు మింగుతున్నారో, ఏది ఎప్పుడు మొదలైందో మాత్రం ఒక కాగితం మీద రాసుకోరు. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో డాక్టర్ గది బయట కాసేపు కూర్చుని చూడండి. స్కానింగ్ కవరు అందరి చేతుల్లోనూ ఉంటుంది. ఏం మందులు వాడుతున్నారని అడిగితే "బీపీకీ షుగర్‌కీ అండీ" అంటారు. పేరేమిటంటే "తెల్లది, చిన్న బిళ్ళండీ" అంటారు.

నాది మందుల షాపులో కౌంటర్ వెనక నిలబడే పని. ఇలాంటి చిట్టాలు చాలామందికి రాసిపెట్టాను. సగం రాసి వదిలేసినవి చూసీ చూసీ విసుగొచ్చింది. కొన్ని మందులు మనిషిని మందంగా, తికమకగా చేస్తాయి, చేతులు వణికిస్తాయి. డాక్టర్ గదిలో పావుగంటలో చూస్తే అదంతా డిమెన్షియాలాగే, అంటే ముదిరే మతిమరుపు జబ్బులాగే ఉంటుంది. ఒక్కోసారి నిజంగానే డిమెన్షియా ఉండి, మందులు దాన్ని రెట్టింపు చేసి చూపిస్తాయి. ఏది ఎంతో విడదీయాలంటే డాక్టర్‌కి ముందు ఈ కాగితం కావాలి.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో తికమకపడటం, మాట పొంతన లేకపోవడం, పగలంతా మగతగా ఉండి రాత్రి కేకలు వేయడం జరిగితే చిట్టా పని పక్కన పెట్టండి. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది ఇన్‌ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోవడం కావచ్చు, షుగర్ తగ్గడం కావచ్చు. ఇక్కడ చెప్పేది నెలల తరబడి మెల్లగా పెరిగిన మతిమరుపు గురించి.

కావలసినవి

గీతల పొడుగు పుస్తకం, నీలం పెన్ను, వెడల్పాటి స్టీలు పళ్ళెం, స్ట్రిప్పు మీద సన్నక్షరాలు చదవడానికి ఫోన్ టార్చి. అంతే.

ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. నలభై ఫొటోలు వాట్సాప్‌లో పంపితే ఏ డాక్టరూ వేలితో జరుపుతూ చూడరు. మందులు గుర్తుచేసే యాప్‌లూ వద్దు. అవి ఈ రోజు ఏం వేసుకోవాలో చెబుతాయి కానీ, 2019లో ఏం మొదలైందో చెప్పవు. ఒక పేజీ, రెండు గడులు, చేతిరాత. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఇలాగే రాయాలి.

మొదటి పని: అన్నీ పళ్ళెంలోకి

పొద్దున టిఫిన్ అయ్యాక మొదలుపెట్టండి. మందుల డబ్బా ఒక్కటే చూసి ఊరుకోవద్దు. పూజగది అర, దిండు కింద, బీరువాలో చీరల మధ్య, చేతిసంచి, ఫ్రిజ్ తలుపు, అన్నీ చూడాలి. కంటి చుక్కలు, దగ్గు సిరప్, ఆయుర్వేద చూర్ణాలు, ఊళ్ళో ఆర్‌ఎంపీ కాగితంలో చుట్టి ఇచ్చిన విడి బిళ్ళలు, బలానికని చేయించుకున్న ఇంజెక్షన్లు కూడా లెక్కే. పెద్దవాళ్ళు లేనప్పుడు దొంగచాటుగా వెతకొద్దు. పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

అడిగే తీరు మాత్రం ముఖ్యం. "అత్తయ్యా, నిద్ర బిళ్ళలు వేసుకుంటున్నారా?" అంటే "నాకా? ఛీ, లేదమ్మా" అంటారు. "రాత్రి నిద్ర పట్టకపోతే ఏం చేస్తున్నారు అత్తయ్యా?" అని అడగండి. అప్పుడు పక్కింటి వదిన ఇచ్చిన బిళ్ళ బయటికొస్తుంది.

రెండో పని: పేర్లు రాయడం

పైన పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు రాయండి. గుండె డాక్టర్ ఒక కంపెనీది, షుగర్ డాక్టర్ ఇంకో కంపెనీది రాస్తే ఒకే మందు రెండుసార్లు పడుతుంది. పేర్లు వేరు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. కలిపి చేసిన బిళ్ళలైతే లోపల ఉన్నవన్నీ విడివిడిగా రాయాలి. గ్యాస్‌కని వేసుకునే క్యాప్సూల్‌లో రాబెప్రజోల్‌తో పాటు లెవోసల్పిరైడ్ ఉండొచ్చు. అరికాళ్ళ మంటల బిళ్ళలో ప్రెగాబాలిన్‌తో పాటు నార్‌ట్రిప్టిలిన్ ఉండొచ్చు. తర్వాత దోషిగా దొరికేది ఆ రెండో పేరే. పేరు పక్కన ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకెన్నో రాయండి. పని అయిపోయింది.

మూడో పని: తేదీలు

అందరూ పాడుచేసేది ఇక్కడే. తీరిగ్గా చదవండి.

పేజీకి నడుమ నిలువుగా గీత కొట్టండి. ఎడమవైపు ప్రతి మందూ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు డోసు పెంచారు. కుడివైపు మనిషిలో వచ్చిన మార్పులు, అవి ఎప్పుడు కనబడ్డాయి. పాత చీటీలు ఉంటే తేదీలు దొరుకుతాయి. లేకపోతే "ఎప్పటినుంచి?" అని అడగొద్దు, "చాలా రోజులైంది" అనే జవాబు దేనికీ పనికిరాదు. 2016 కృష్ణా పుష్కరాలకు ముందా తర్వాతా? కరోనా లాక్‌డౌన్‌కి ఈ బిళ్ళ ఉందా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇంట్లో ఏయే మందులున్నాయి? ఇలా అడిగితే పెద్దవాళ్ళకీ గుర్తొస్తుంది, మనకీ నెల దొరుకుతుంది.

కుడివైపు గడిలో "మతిమరుపు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. దానివల్ల ఉపయోగం లేదు. స్టవ్ కట్టేయడం మర్చిపోయారా, చిల్లర లెక్క తప్పుతున్నారా, అలవాటైన బెంజ్ సర్కిల్ దగ్గర దారి తెలియక నిలబడిపోయారా, అడిగిందే అడుగుతున్నారా, అది రాయండి. మతిమరుపు కాని వాటినీ రాయాలి: నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మూత్రం రాకుండా ఆగిపోవడం, నడక చిన్నచిన్న అడుగులు కావడం, చెయ్యి వణకడం, ముఖంలో భావం తగ్గడం, కింద పడటం. ఈ గుర్తులు మందుల వైపు వేలు చూపిస్తాయి.

ఇప్పుడు రెండు గడులూ పక్కపక్కన చూడండి. ఏ మార్పుకి కొన్ని వారాల ముందు కొత్త మందు చేరిందో, డోసు పెరిగిందో దాని కింద గీత గీయండి. "ఇది పదేళ్ళ నుంచీ వేసుకుంటున్నదే కదా" అని కొట్టేయకండి. అరవైలో సరిపోయిన డోసు డెబ్బై ఎనిమిదిలో ఎక్కువ కావచ్చు. వయసుతో మూత్రపిండాల పని తగ్గుతుంది, లివర్ నెమ్మదిస్తుంది, ఒంట్లో కొవ్వు పాలు పెరుగుతుంది. డయాజెపామ్ లాంటివి ఆ కొవ్వులో చేరి రోజుల తరబడి ఉండిపోతాయి. బిళ్ళ మారలేదు, మనిషి మారాడు.

ఏ మందుల పక్కన చుక్క పెట్టాలో చెబుతాను. నిద్రకి, గాభరాకి వాడే ఆల్‌ప్రజోలామ్, క్లోనాజెపామ్, డయాజెపామ్, జోల్పిడెమ్ మొదట. ఆల్‌ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, షాపువాళ్ళు రిజిస్టర్‌లో రాయాలి. అయినా ఎప్పుడో రాసిన పాత చీటీతో ఏళ్ళ తరబడి వాడేవాళ్ళున్నారు. రెండోది, జ్ఞాపకశక్తికి మెదడు వాడుకునే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందులు. మూత్రం ఆపుకోలేక వాడే ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, వణుకుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నొప్పులకీ నిద్రకీ రాసే అమిట్రిప్టిలిన్, దురదకి హైడ్రాక్సీజిన్, జలుబు బిళ్ళలో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ ఈ కోవవే. ఒక్కొక్కటీ కొంచెమే చేస్తుంది. మూడు కలిస్తే నోరెండిపోయి, విరేచనం కాక, మతి తప్పుతుంది. పెద్దవయసువాళ్ళకి జాగ్రత్తగా వాడాల్సిన మందుల పట్టికను మార్క్ బీర్స్ అనే అమెరికన్ డాక్టర్ 1991లో మొదలుపెట్టారు. 2023లో దాన్ని మళ్ళీ సవరించారు. ఈ రెండు కోవల్లోవి అందులో చాలా ఉన్నాయి.

మూడోది, మనవైపు ఎవరూ అనుమానించనివి. కళ్ళు తిరుగుతున్నాయని ఏళ్ళ తరబడి మింగే సిన్నరిజిన్, ఫ్లునారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్, గ్యాస్ క్యాప్సూల్‌లో కూర్చున్న లెవోసల్పిరైడ్. ఇవి పార్కిన్సన్స్‌లాంటి వణుకు, బిగుసుకుపోయిన నడక తెస్తాయి. ఆ వణుకు చూసి ఒకరు ట్రైహెక్సీఫెనిడిల్ రాస్తారు. దాంతో మతిమరుపు పెరుగుతుంది. మతిమరుపుకి మరొకరు డోనెపెజిల్ రాస్తారు. దానివల్ల కొందరికి మూత్రం ఆగదు. దానికి ఆక్సీబ్యుటినిన్ వస్తుంది. డోనెపెజిల్ ఎసిటైల్‌కోలిన్‌ని పెంచుతుంది, ఆక్సీబ్యుటినిన్ దాన్ని అడ్డుకుంటుంది. ఒక చేత్తో నీళ్ళు పోస్తూ ఇంకో చేత్తో తోడేయడమే. ప్రతి చీటీ ఆ రోజుకి సబబుగానే కనబడుతుంది. తేదీల వరసలో పెట్టినప్పుడే గొలుసు బయటపడుతుంది.

షుగర్, బీపీ మందుల పక్కన ఇంకో రకం చుక్క. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వేసుకుని అన్నం మానేస్తే షుగర్ పడిపోతుంది, పెద్దవాళ్ళలో అది చెమటలకన్నా ముందు తికమకగా కనబడొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గొచ్చు, గ్యాస్‌కి వేసుకునే పాంటోప్రజోల్ తోడైతే ఇంకా. బీపీ బిళ్ళలో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ ఉంటే సోడియం పడిపోవచ్చు, డిప్రెషన్‌కి వాడే ఎస్సిటాలోప్రామ్ కలిస్తే ఆ భయం ఎక్కువ.

ఇందులో ఒక చిక్కుంది. మందు వల్ల మతిమరుపా, మతిమరుపు వల్ల మందు తప్పా? మర్చిపోయి రెండుసార్లు వేసుకునే మనిషికి షుగర్ పడిపోతే, దాన్ని చూసి మందు డోసే ఎక్కువని అనుకుంటాం. అందుకే స్ట్రిప్పు కొన్న తేదీ బిల్లులో చూసి, మిగిలిన బిళ్ళలు లెక్కపెట్టండి. తక్కువగా మిగిలితే రెండుసార్లు పడుతున్నాయి, ఎక్కువ మిగిలితే మానేస్తున్నారు. ఆ లెక్క కూడా కాగితం మీదికి రావాలి. నలుగురిలో ఒకరి చిట్టాలో కూడా ఇది కనబడదు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ఇక పెద్ద మాట. చుక్కలు పెట్టారు కదా అని ఏ బిళ్ళనీ మీరే ఆపొద్దు. ఏళ్ళ తరబడి వేసుకున్న ఆల్‌ప్రజోలామ్, క్లోనాజెపామ్ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడొచ్చు, తికమక ఇంకా పెరగొచ్చు. అప్పుడు "చూశారా, జబ్బు ముదిరింది" అంటారు. గుండెకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్, స్టెరాయిడ్లు, ఫిట్స్ మందులు కూడా అలా ఆపకూడదు. తగ్గించడం డాక్టర్ పని: ఒకసారికి ఒక్క మందు, కొంచెం కొంచెంగా, అవసరమైతే నెలలు పట్టినా సరే. రెండు మూడు కలిపి తగ్గిస్తే దేనివల్ల బాగుపడ్డారో తెలియదు. నా చిట్టా తీసుకెళ్ళి, ఇంటికొచ్చి, మామయ్యగారి నిద్ర బిళ్ళ డబ్బా దాచేసిన కోడళ్ళున్నారు. అలా చేసేటట్టయితే చిట్టా రాయకండి.

మరీ ఆశపడొద్దు కూడా. మందు తగ్గించాక కొందరు చాలావరకు తేరుకుంటారు. ఇంకొందరికి మగత పోతుంది, మతిమరుపు మిగులుతుంది. అప్పుడు ఆ మిగిలింది అల్జీమర్సో, రక్తనాళాల వల్ల వచ్చిందో డాక్టర్ తేల్చగలరు.

నాలుగో పని: డాక్టర్ దగ్గర

కాగితం ముందుగా ఇవ్వండి, కథ తర్వాత. బి12, థైరాయిడ్, సోడియం పరీక్షలు సాధారణంగా రాస్తారు. రాయకపోతే అడగండి. బి12 ఇంజెక్షనో, మిథైల్‌కోబాలమిన్ బిళ్ళలో వాడుతుంటే తప్పకుండా చెప్పండి, రక్తంలో అంకె పెరిగి కనబడుతుంది. జ్ఞాపకశక్తి పరీక్ష ఉన్న రోజు కళ్ళద్దాలు, వినికిడి మిషన్ తీసుకెళ్ళండి. ముందు రాత్రి నిద్ర బిళ్ళ వేసుకున్నారో లేదో చెప్పండి. ఎంతవరకు చదువుకున్నారో, తెలుగులో పరీక్ష పెట్టమనీ చెప్పండి. చదువు తక్కువున్నవాళ్ళకి, వేరే భాషలో అడిగినవాళ్ళకి మార్కులు తగ్గుతాయి. మందు తగ్గిస్తున్న వారాల్లో కాకుండా, తగ్గించి కుదుటపడ్డాక మళ్ళీ ఆ పరీక్ష ఎప్పుడు చేయాలో అక్కడే అడిగి రాసుకోండి.

ఆ తర్వాత

ఆపేసిన మందుల స్ట్రిప్పులు ఇంట్లో ఉంచొద్దు, పెద్దవాళ్ళు అలవాటుగా వాటినే తీస్తారు. ఎలా పారేయాలో షాపులో అడగండి. చిట్టాకి రెండు జిరాక్సులు తీసి ఒకటి మందుల డబ్బా మూతకి అంటించండి, ఇంకోటి మీ బ్యాగులో ఉంచండి. పళ్ళ డాక్టరో కళ్ళ డాక్టరో కొత్తది ఏది రాసినా ఆ రోజే, తేదీతో, ఎడమ గడిలో చేర్చాలి.