మోటర్‌హోమ్‌తో (పడక, వంటిల్లు ఉన్న బండితో) మారుమూల దారి పట్టే ముందు జాగ్రత్తలు

☐ టైర్లు ముందుగా చూడండి. సామానంతా ఎక్కించాక, బండి కదలకముందే గాలి కొలవాలి. గీతలు అరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పగులుతుంది. నెలల తరబడి నిలిపి ఉంచే బండికి ఈ బెడద మరీ ఎక్కువ. టైరు పక్కన 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనదని అర్థం.

☐ స్టెప్నీ ఉందా? చాలా మోటర్‌హోమ్‌లకు కంపెనీ ఇవ్వదు. జాకీ మీ బండి బరువుకు సరిపోవాలి. దాని కింద వేయడానికి మందపాటి చెక్కపలక పెట్టుకోండి, మెత్తటి నేలలో జాకీ దిగబడుతుంది. ఒక్క జాకీని నమ్మి బండి కిందికి దూరొద్దు.

☐ బండి ఎత్తు, పొడవు, బరువు కాగితంపై రాసి అద్దం దగ్గర అంటించండి. ఆగిపోయిన బండిని లాక్కెళ్లే టోయింగ్ వాళ్లు మొదట అడిగేవి అవే. కార్లు లాగే లారీ వస్తే ఉత్త చేతులతో తిరిగి వెళ్తుంది. ఇన్సూరెన్స్‌లో ఈ సైజు బండికి టోయింగ్ వర్తిస్తుందో లేదో ముందే అడగండి.

☐ ఆఫ్‌లైన్ మ్యాప్, పవర్ బ్యాంక్, రిఫ్లెక్టర్ జాకెట్, రోడ్డుపై పెట్టే హెచ్చరిక త్రికోణం, ఫ్యూజులు, టార్చి.

☐ తాగే నీళ్లు ట్యాంకులో కాక విడిగా.

☐ బయల్దేరేముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేయండి.

☐ ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి చేరతారో ఇంట్లో ఒకరికి చెప్పండి. బండి ఆగిపోతే సిగ్నల్ కోసం నడుచుకుంటూ పోవద్దు. మనిషి కంటే బండే వెతికేవాళ్ల కంట త్వరగా పడుతుంది, పైగా మంచం, నీళ్లు అందులోనే ఉన్నాయి కదా!