పిల్లికి గాయమైతే ఇంట్లో ఏం చేయాలి? డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

తిరుపతి బైరాగిపట్టెడలో మేముండే సందులో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. మిద్దెల మీద పిల్లుల రాకపోకలకు అడ్డే లేదు. రెండేళ్ల కిందట ఒక రాత్రి మా గుండుగాడు వీధిలోని గండుపిల్లితో కొట్లాడి వచ్చాడు. తోక మొదట్లో సూది గుచ్చినట్టు రెండు చుక్కలు, అంతే. రక్తం కూడా పెద్దగా లేదు. కాస్త పసుపు అద్ది వదిలేశాను. నాలుగో రోజుకు అక్కడ కోడిగుడ్డంత గడ్డ లేచింది. ఒళ్లు కాలిపోతోంది, చేప ముందు పెట్టినా మూతి తిప్పుకున్నాడు. డాక్టరు గడ్డ కోసినప్పుడు వచ్చిన చీము వాసన ఇప్పటికీ మర్చిపోలేను.

అదే గుండుగాడు ఇంకోసారి ప్రహరీ మీది గాజు పెంకులకు గీరుకుని వచ్చాడు. కడుపు పక్కన జానెడు ఎర్రటి గీత. చూడగానే మా అమ్మ ఏడ్చింది. అది చర్మం పైపైన పడిన గీరుడే. కడిగితే వారం లోపు పక్కు కట్టి రాలిపోయింది.

అందుకే, గాయం ఎంత పెద్దదో చూసి ఇల్లా, ఆసుపత్రా అని నిర్ణయించకండి. అది ఎలా తగిలింది, ఎక్కడ తగిలింది, తగిలాక పిల్లి ఎలా ఉంది అన్నవి చూడండి.

1. ముందు పట్టుకోవడం

నొప్పితో ఉన్న పిల్లి పెంచిన చేతినే కరుస్తుంది. పాత టవల్ ఒకటి మీద కప్పి, గాయమైన చోటు మాత్రం బయటికి ఉంచి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టండి. ఇంకొకరు తోడుంటే మంచిది. తలుపులు, కిటికీలు వేసేయండి. ఫ్యాను కట్టేయండి, బెదిరిన పిల్లి ఎక్కడికి ఎగురుతుందో చెప్పలేం. వీధిపిల్లి అయితే చేతికి గ్లవుజు లేకుండా ముట్టుకోవద్దు.

మీకు పంటి గాటో గోటి గీతో పడిందా? పిల్లి పని అలా ఉంచి కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కోండి. ఆ రోజే రుయా ఆసుపత్రికో, దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో వెళ్లి రేబిస్ టీకా గురించి అడగండి. రేబిస్ కుక్కలతోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. పిల్లి కరిచినా, రక్కినా రావచ్చు. గాటు మీద కారం, సున్నం లాంటివి పెట్టొద్దు.

2. రక్తం ఆపడం

శుభ్రమైన నూలుగుడ్డ మడిచి గాయం మీద పెట్టి ఐదు నిమిషాలు అదిమి పట్టుకోండి. ఆగిందా లేదా అని మధ్యలో ఎత్తి చూడకండి. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం ఊడి మళ్లీ మొదలవుతుంది. గుడ్డ తడిసిపోతే తీయకుండా దాని మీదే ఇంకొకటి పెట్టండి. పది నిమిషాలకూ ఆగకపోయినా, చిమ్ముతున్నా, అలాగే అదిమి పట్టుకుని ఆటో ఎక్కండి. కాఫీ పొడి అద్దితే రక్తం ఆగుతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. పిల్లి దాన్ని నాకేస్తుంది, కాఫీలోని కెఫీన్ దానికి విషం.

3. ఇంట్లో ఉంచుకోవచ్చా, లేదా?

ఇది తేల్చుకోవాలంటే గాయం కనబడాలి. బొచ్చు తడిపి పక్కలకు తోసి, మంచి వెలుతురులో చూడండి.

వేరే పిల్లి గానీ కుక్క గానీ కరిచిన గాటు అయితే ఎంత చిన్నదైనా డాక్టరు దగ్గరికే. పిల్లి కోర సన్నగా, పొడుగ్గా ఉంటుంది. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా లాంటి సూక్ష్మక్రిములను చర్మం అడుగు దాకా దింపుతుంది. పైన రంధ్రం ఒకటి రెండు రోజుల్లో పూడుకుపోతుంది, లోపల చీము పడుతుంది. మనకేమో మానిపోయినట్టే కనిపిస్తుంది. గుండుగాడి విషయంలో నేను మోసపోయింది అక్కడే. మొదటి రోజే చూపిస్తే చాలాసార్లు మందుతోనే పోతుంది, గడ్డ లేచాక కోత తప్పదు. కుక్క పట్టి విదిలించి ఉంటే పైన రెండు గాట్లే కనిపించినా లోపల కండ చితికి ఉండవచ్చు. కరిచిన జంతువు ఏదో తెలియకపోతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, టీకా సంగతి ఆయన చూసుకుంటారు.

కన్ను, నోరు, కీళ్ల దగ్గర గాయాలు, ఛాతీ, పొట్టల మీద పైపై గీరుడు కాకుండా లోతుగా దిగినవి, కాలిన గాయాలు, చర్మం విడిపోయి లోపలి కండ కనిపించేవి కూడా ఇంట్లో చూసుకునేవి కావు. కుట్లు పడాల్సినవి ఎంత తొందరగా పడితే అంత మంచిది. రేపటిదాకా ఆగితే అంచులు ఎండి, క్రిములు చేరి, కుట్టడం కష్టమవుతుంది.

గాయం కన్నా పిల్లి తీరు ఎక్కువ చెబుతుంది. నోరు తెరిచి రొప్పడం కుక్కకు మామూలే, పిల్లికి మాత్రం ప్రమాదం. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లగా పాలిపోయి ఉంటే లోపల రక్తం పోతూ ఉండవచ్చు. మిద్దె మీంచి పడ్డ పిల్లి లేచి నడిచినంత మాత్రాన బాగున్నట్టు కాదు. మంచం కిందికి దూరి పిలిచినా రాకపోవడం, కాలు మోపకపోవడం, ఒకరోజంతా ఏమీ తినకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. తిండి మానేసిన పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కొద్ది రోజుల్లోనే లివరు పాడవుతుంది. శేషాచలం కొండ వారగా ఉండేవాళ్లకు ఇంకో మాట. మూతో కాలో ఉన్నట్టుండి వాచిపోతే పాముకాటు అయి ఉండొచ్చు. కోయడం, తాడు కట్టడం చేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇవేవీ కాకుండా పైపైన గీరుకున్నది, చర్మం చెక్కుకుపోయినది అయి, పిల్లి హుషారుగా తిని తిరుగుతూ ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు.

4. కడగడం

ఇంటి వైద్యంలో సగం పైగా ఇదే. మెడికల్ షాపులో నార్మల్ సెలైన్ బాటిల్ దొరుకుతుంది. లేదంటే అర లీటరు నీళ్లు మరగబెట్టి, చిన్న చెంచాడు ఉప్పు కలిపి, గోరువెచ్చగా చల్లారనివ్వండి. సూది తీసేసిన సిరంజితో గాయం మీద పోస్తూ మట్టి, వెంట్రుకలు పోయేదాకా కడగండి. దూది వాడకండి, దాని పోగులు గాయానికి అతుక్కుంటాయి. చుట్టూ ఉన్న బొచ్చు కత్తిరించాలనుకుంటే కత్తెర చాలా జాగ్రత్త. పిల్లి చర్మం పలుచన, బొచ్చుతో పాటే పైకి లేస్తుంది. నేనైతే ఆ పని డాక్టరుకే వదిలేస్తాను.

తర్వాత బెటాడిన్ సొల్యూషన్‌ను నీళ్లలో పలుచని టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా కలిపి, నూలుగుడ్డతో ఒకసారి అద్దండి. నురగ వచ్చే రకం వద్దు. ఆరేదాకా నాకనివ్వకండి. ఇలా రోజుకు రెండుసార్లు. కట్టు కట్టకండి. ఇంట్లో కట్టిన కట్టు బిగుసుకుంటే కాలు వాస్తుంది, వదులైతే పిల్లి పీకి మింగేస్తుంది.

5. ఏవి పూయకూడదు

పిల్లికి మనం పూసింది ఏదైనా దాని కడుపులోకే పోతుంది, ఎందుకంటే అది ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకుంటుంది. పైగా మనం, కుక్కలు అరాయించుకునే చాలా మందులను పిల్లి లివరు విరగ్గొట్టలేదు.

డెట్టాల్, ఫినాయిల్ వంటివి వద్దే వద్దు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడే ఏ క్రిమినాశినినైనా పిల్లికి దూరంగా పెట్టడమని నేనొక గుర్తు పెట్టుకున్నాను. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే మానుతున్న కండ కూడా మాడిపోతుంది. కర్పూరం లేని ఇల్లు తిరుపతిలో ఉండదు, కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పుండుకు రాయమనే పెద్దవాళ్లూ ఉంటారు. కర్పూరం పిల్లికి విషం. పసుపు అంత ప్రమాదం కాదు గానీ, అద్దాక గాయం ఎర్రబడిందో, చీము పట్టిందో మనకే కనిపించదు.

అన్నిటికన్నా ముఖ్యం పారాసిటమాల్. ఒళ్లు వేడిగా ఉందని ముక్క విరిచి పాలలో కలిపి పోసేవాళ్లను చూశాను. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరి అందదు. పొరపాటున ఇప్పటికే ఇచ్చి ఉంటే ఇది చదవడం ఆపి బయల్దేరండి. ఇబుప్రొఫెన్, ఆస్పిరిన్, ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయోటిక్ గొట్టం మాత్రలు కూడా ఇవ్వకండి.

పుంగనూరు ఆవుకు పేరుమోసిన నేల మనది. పల్లెల్లో ఆవులకు, ఎనుములకు మందులేయడం వచ్చినవాళ్లు వీధికొకరు ఉంటారు. వాళ్ల అనుభవాన్ని తక్కువ చేయడం లేదు. కానీ పశువు పుండుకు కొట్టే స్ప్రే, పురుగులు పడితే నూరి పెట్టే సీతాఫలం ఆకు మూడు నాలుగు కిలోల పిల్లికి పనికిరావు. వానల్లో గాయం మీద ఈగ వాలితే ఒక రోజులోనే పురుగు పట్టవచ్చు. బొచ్చులో బియ్యపు నూకల్లాంటి తెల్లని గుడ్లు కనిపించినా, కుళ్లు వాసన వచ్చినా అది డాక్టరు పనే.

6. తీసుకెళ్లడం

ఒళ్లో పెట్టుకుని బండి మీద వెళ్లొద్దు. లీలామహల్ సర్కిల్లో హారన్ మోగితే ఎంత మచ్చికైన పిల్లి అయినా దూకేస్తుంది. బాస్కెట్ లేకపోతే రెండు ప్లాస్టిక్ కూరగాయల బుట్టలను మూతికి మూతి పెట్టి తాడుతో కట్టండి. లోపల పాత చీర ముక్క వేసి, పైన ఇంకో గుడ్డ కప్పండి. చీకటిగా ఉంటే పిల్లి నెమ్మదిస్తుంది. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి బయల్దేరే ముందు తిండి పెట్టకండి.

తిరుపతిలో 1955 నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాల ఉంది. 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో అది భాగం. అక్కడి ఆసుపత్రిలో కుక్కలు, పిల్లులకూ చూస్తారు. ఓపీ వేళలు ముందే కనుక్కుని వెళ్లండి. రాత్రిళ్లు, పండగ రోజుల కోసం దగ్గర్లోని ప్రైవేటు క్లినిక్ నంబరు ఒకటి ఈ రోజే ఫోన్లో వేసి పెట్టుకోండి. గాయం ఎప్పుడు తగిలింది, ఏం పూశారు, ఏం మింగించారు, టీకాలు ఎప్పుడు వేయించారు, ఇవన్నీ డాక్టరు అడుగుతారు. మీరు చేసిన తప్పు దాచొద్దు. పసుపు సంగతి చెప్పడానికి నేను సిగ్గుపడ్డాను గానీ, పసుపు పూసిన పిల్లే ఎదురుగా ఉంటే దాచేదేముంది?

7. మానేదాకా

పది రోజులు బయటికి వదలకండి. మట్టి గాయానికి అంటకుండా దొడ్డికి ఇసుక బదులు చింపిన న్యూస్‌పేపర్ పెట్టండి. నాకకుండా మెడకు కోన్ వేస్తారు. షాపులో సరైన కొలత దొరక్కపోతే పాత ఎక్స్‌రే షీటును గరాటులా చుట్టి, అంచుకు ప్లాస్టర్ వేసి చేసుకోవచ్చు. తిననని మొండికేస్తే ఉల్లి, వెల్లుల్లి వేయకుండా ఉడికించిన కోడిమాంసం గోరువెచ్చగా పెట్టండి. ఉల్లి జాతి ఏదైనా పిల్లికి పడదు. కుట్లు పడితే మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులకు తీస్తారు. ఈలోగా ఎరుపు పెరిగినా, చీము కనిపించినా ఆ తేదీ దాకా ఆగకుండా వెళ్లండి.

కొట్లాటలు తగ్గాలంటే మగపిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించడమే దారి. మా గుండుగాడికి పోయిన ఏడాది చేయించాం. గండుపిల్లి ఇప్పటికీ రోజూ రాత్రి మిద్దె మీదికి వస్తుంది. మావాడు కిటికీలో కూర్చుని దాన్ని చూసి, ఆవలించి, మళ్లీ పడుకుంటాడు.