జడ్జి దగ్గర ‘బాగానే ఉన్నానండీ’ అనకండి

న్యూజెర్సీలో పదకొండేళ్లు గోడౌన్‌లో పెట్టెలు మోశాక నా నడుము మూలపడింది. రెండు ఆపరేషన్లయ్యాయి. సోషల్ సెక్యూరిటీ డిజెబిలిటీకి, అంటే ఒంట్లో బాగోక పని చేయలేని వాళ్లకి అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బుకి, నేనే దరఖాస్తు పెడితే కాదన్నారు, రీకన్సిడరేషన్ (ఇంకోసారి పరిశీలించడం) అడిగితే మళ్లీ కాదన్నారు. అప్పుడు పట్టుకున్నాను లాయర్ని.

మీకూ ఆ రెండో ఉత్తరం వస్తే బాధపడేది తర్వాత, ముందు తేదీ చూడండి. అందిన 60 రోజుల్లోపు హియరింగ్, అంటే జడ్జి ముందు విచారణ, అడగాలి.

ఫీజు గురించి టెన్షన్ వద్దు. గెలిస్తేనే ఇవ్వాలి. మామూలుగా రాసుకునే ఒప్పందం ప్రకారం మీకు ఇన్నాళ్లూ రావాల్సి ఉండి రాని బకాయిలో 25 శాతం, దానికీ పైన ఒక హద్దు ఉంటుంది. 2025లో నా కేసప్పుడు అది 9,200 డాలర్లు. ఆ డబ్బు సోషల్ సెక్యూరిటీ వాళ్లే పట్టుకుని లాయర్‌కి ఇస్తారు. ఆసుపత్రి రికార్డుల ఖర్చు మాత్రం వేరు. ఓడిపోయినా అది కట్టాలా అన్నది సంతకానికి ముందే అడగండి.

లాయర్ అంటే హియరింగ్ రోజు వాదించే మనిషి అనుకున్నాను. అసలు పనంతా అంతకు ముందే అయిపోయింది. నా రికార్డులు చదివి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: ‘ప్రతిసారీ బాగానే ఉన్నానని డాక్టర్‌కి ఎందుకు చెప్పారు?’ ఏం చెప్పను? పలకరిస్తే మనకు నోట్లోంచి వచ్చే మాటే అది! ఫైలు నిండా అదే ఉంది. ఇక ఆవిడ డాక్టర్‌కి ఒక ఫారం పంపింది. ఎంతసేపు కూర్చోగలడు, ఎంత బరువెత్తగలడు, నెలలో ఎన్ని రోజులు పనికి రాలేడు, ఇవన్నీ అందులో రాయించింది. ఇలాంటి కాగితాలు హియరింగ్‌కి కనీసం అయిదు పనిదినాల ముందు చేరాలి.

ఇంగ్లీషు వచ్చినా నేను తెలుగు దుభాషిని అడిగాను, ఖర్చు సోషల్ సెక్యూరిటీ వాళ్లదే. సలుపు, పోటు, తిమ్మిరి అన్నిటికీ నా దగ్గరున్న ఇంగ్లీషు ముక్క ‘పెయిన్’ ఒక్కటే మరి.

వంట చేస్తారా అని జడ్జి అడిగితే ఊరికే చేస్తాననకండి. ‘అన్నం ఉడికేలోపు రెండుసార్లు కూర్చుంటాను, షూ లేసులు మా ఆవిడ కడుతుంది’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కువ చేసి చెబితే రికార్డులే పట్టిస్తాయి.

చివర్లో వొకేషనల్ ఎక్స్‌పర్ట్, అంటే ఎలాంటి మనిషి ఏ ఉద్యోగాలు చేయగలడో చెప్పే నిపుణులు, మాట్లాడతారు. ఇలాంటి మనిషి కూర్చుని చేసే పనులున్నాయా అని జడ్జి అడిగితే, ఉన్నాయని రెండు మూడు పేర్లు చెప్పేశారు. నా గుండె జారిపోయింది. అప్పుడు మా లాయర్ అడిగింది: ‘ఆ మనిషి బ్రేకులు కాక రోజూ ఇంకో గంట పడుకోవాల్సి వస్తే?’ అలాగైతే ఏ పనీ లేదన్నారు. ఒంటరిగా వెళ్లుంటే ఆ ప్రశ్న నాకు తట్టేది కాదు.

ఇంకొకటి, కూర్చుంటే నొప్పి పుడితే ఓర్చుకోకండి, లేచి నిలబడతానని చెప్పి నిలబడండి. ముప్పావుగంట సాగిన నా హియరింగ్‌లో నేను మూడుసార్లు లేచాను.