పవన్ ఒంటరిగా వెళ్తే ఎన్ని? ఈ వాదనకి దిగేముందు చూసుకోవాల్సినవి

2029లో జనసేన ఒంటరిగా పోటీ చేస్తే ఎన్ని సీట్లొస్తాయి అని ఎవరో ఒకరు కదిపితే చాలు, ఇక ఆ పూట పని సాగదు. ఒకరు వంద శాతం స్ట్రైక్ రేట్ అంటారు, ఇంకొకరు 2019లో పవన్ ఓడిన గాజువాక మర్చిపోయారా అంటారు, అరగంట తిరక్కుండానే మాట కులాల మీదకి పోతుంది. అభిమానం పక్కన పెట్టి వాదించమని నేను చెప్పను, పెట్టమన్నా ఎవరూ పెట్టరు. కొన్ని అంకెలు మాత్రం చేతిలో ఉంచుకోండి.

ముందు ప్రశ్నని రెండు ముక్కలు చేయండి. జనంలో క్రేజ్ ఉందా అనేది ఒకటి, ఫలానా నియోజకవర్గంలో గెలుస్తారా అనేది ఇంకొకటి. అవతలి వాళ్లు మీటింగులకొచ్చిన జనం ఫొటోలు చూపిస్తే మీరు 2009 చూపించండి: చిరంజీవి పార్టీ ప్రజారాజ్యానికి ఉమ్మడి రాష్ట్రంలో 16 శాతం దాకా ఓట్లు పడ్డాయి, సీట్లు మాత్రం 294లో 18. ఆయన తిరుపతిలో గెలిచి, సొంత జిల్లాలోని పాలకొల్లులో ఓడిపోయారు. అంతెందుకు, 1989లో ఎన్టీఆర్ అంతటాయన కల్వకుర్తిలో ఓడారు, హిందూపురంలో గెలిచారు. ఇక క్రేజ్ గురించి మాట్లాడేదేం లేదు, ముందుకు పోవచ్చు.

తర్వాత రాష్ట్రాన్ని ముక్కలుగా చూడండి. 175లో ఉత్తరాంధ్ర 34, ఉభయ గోదావరి జిల్లాలు 34, రాయలసీమ 52, మిగతావి కృష్ణా నుంచి నెల్లూరు వరకు. 2024లో టీడీపీ, బీజేపీలతో పొత్తులో జనసేన పోటీ చేసిన 21 చోట్లా గెలిచింది కదా, అవి ఎక్కడున్నాయో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. గోదావరి జిల్లాల్లో 11, ఉత్తరాంధ్రలో 6. అంటే 17 ఆ రెండు చోట్లే. మిగిలినవి తెనాలి, అవనిగడ్డ, సీమలో తిరుపతి, రైల్వే కోడూరు. కాబట్టి "రాష్ట్రమంతా పవన్ గాలి" అన్నా తప్పే, "ఏదో గాల్లో కొట్టుకొచ్చేశారు" అన్నా తప్పే. బలం ఉంది, కాకపోతే ఒకచోట కుదురుకుని ఉంది. తెలంగాణ సంగతి తెలిసిందే, 2023లో బీజేపీతో కలిసి 8 చోట్ల నిలబడితే ఒక్కటీ రాలేదు.

ఇక అసలు పేచీ పొత్తు దగ్గర. ఇక్కడ భీమవరం ఒక్కటి పట్టుకుంటే చాలు, మిగతా అంతా అందులోనే ఉంది. 2019లో పవన్ అక్కడ 8 వేల పైచిలుకు ఓట్ల తేడాతో వైసీపీ చేతిలో ఓడారు, మూడో స్థానంలో ఉన్న టీడీపీకి 50 వేలకి పైనే పడ్డాయి. ఆ టీడీపీ అభ్యర్థి పులపర్తి రామాంజనేయులే 2024లో జనసేన తరఫున నిలబడి సునాయాసంగా గెలిచారు. ఇప్పుడు ఆ గెలుపు ఎవరిది? ఫ్యాన్స్ పవన్‌ది అంటారు, టీడీపీ తమ్ముళ్లు మా ఓటు బదిలీ అయింది కాబట్టే అంటారు. ఇద్దరి మాటా కొంత నిజమే, కానీ ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పే లెక్క ఎవరి దగ్గరా లేదు, అది ముందే ఒప్పుకుని వాదించండి. 2019లో రాష్ట్రమంతా కలిపి జనసేనకి 5.5 శాతం ఓట్లు, ఒకే సీటు రాజోలు. "ఒంటరిగా" అనేవాళ్లు మొదలుపెట్టాల్సింది ఈ అంకె దగ్గర్నుంచి, 21 దగ్గర్నుంచి కాదు.

అవతల జగన్ అభిమాని ఉంటే ఇంకో లెక్క తీయండి. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లతో 23 సీట్లు, 2024లో వైసీపీకీ దాదాపు అదే 39 శాతం, సీట్లు 11. అందుకని 11 చూసి పార్టీ పనైపోయింది అనడం తొందరపాటు. అలాగని 39 చూసి ఈసారి మాదే అనడమూ అంతే, ఎదుటివాళ్లు కలిసే ఉంటే 39తో ఏమీ కాదు. సీమలో 2019లో టీడీపీకి 52లో 3 వస్తే 2024లో వైసీపీకి 7 మిగిలాయి. కంచుకోట అనే మాట వాడేముందు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఓపిక ఉంటే ఫారం 20 చదవండి, ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో అందులో ఉంటుంది. ఎన్నికల అధికారి వెబ్‌సైట్లో పీడీఎఫ్‌లుగా దొరుకుతుంది. ఒక జాగ్రత్త: ఎన్నికకీ ఎన్నికకీ బూత్ నంబర్లు మారుతుంటాయి కాబట్టి నంబర్‌తో కాకుండా ఊరి పేరుతో పోల్చుకోవాలి. మీ ఊరి లెక్క మీ దగ్గరుంటే "మా వాళ్లంతా ఆయనకే వేశారు" అనే మామయ్య కాస్త తగ్గి మాట్లాడతారు.

సర్వేలు ఎవరైనా పంపితే మూడే అడగండి. ఎవరు చేయించారు, ఎప్పుడు చేశారు, నియోజకవర్గానికి ఎంతమందిని అడిగారు. జవాబు రాకపోతే పక్కన పడేయండి.

పందెం కాసే ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడే వద్దు. విభజన చట్టంలో సీట్లని 175 నుంచి 225కి పెంచే మాట ఉంది. అది ఎన్నికలకి ముందే జరిగితే నియోజకవర్గాల గీతలన్నీ మారతాయి, పైన చెప్పిన ఈ 34లూ 52లూ ఏవీ పనికిరావు.