కార్డు మూశాక పడిన స్కోరు మళ్లీ ఎలా పెరిగింది

వార్షిక ఫీజు దండగనిపించి ఒక రివార్డ్స్ క్రెడిట్ కార్డు మూసేశాను. తర్వాతి నెల క్రెడిట్ స్కోరు బాగా తగ్గింది. బిల్లులన్నీ టైమ్‌కే కట్టినా ఇలా ఎందుకైందని టెన్షన్ పట్టుకుంది. క్రెడిట్ రిపోర్టు తెరిచి చూస్తే కారణం తెలిసింది: ఖర్చు పెరగలేదు, లిమిట్ తగ్గింది. మొత్తం లిమిట్ 1,00,000 ఉండి 20,000 వాడితే వాడకం 20 శాతం. అందులో 50,000 లిమిట్ ఉన్న కార్డు పోతే అదే ఖర్చు 40 శాతమవుతుంది. ఫైకో (అమెరికాలో ఎక్కువగా వాడే క్రెడిట్ స్కోరు) లెక్కలో బాకీల వాటా సుమారు 30 శాతం, ఈ వాడకం శాతం అందులోకే వస్తుంది. దెబ్బ గట్టిగా తగిలింది అందుకే.

నేను చేసిందల్లా స్టేట్‌మెంట్ తయారయ్యే తేదీకి ముందే చాలావరకు కట్టేయడం. గడువు తేదీ కాదు, స్టేట్‌మెంట్ తేదీ ముఖ్యం. చాలా బ్యాంకులు అప్పటికి ఉన్న బాకీనే క్రెడిట్ బ్యూరోకి (మన అప్పుల వివరాలు సేకరించి రిపోర్టు తయారుచేసే సంస్థకి) పంపుతాయి. తర్వాతి రిపోర్టుకల్లా స్కోరు కోలుకుంది.

ఫీజు పడే ఇంకో కార్డును మూసేయమనకుండా, ఫీజు లేని రకానికి మార్చమని బ్యాంకును అడిగాను. ఒప్పుకున్నారు. ఖాతా వయసు, లిమిట్ రెండూ నిలిచాయి, కొత్త ఎంక్వైరీ (కొత్త కార్డుకో లోన్‌కో అప్లై చేస్తే రిపోర్టులో పడే నమోదు, స్కోరును కాస్త తగ్గించొచ్చు) కూడా పడలేదు. (పాయింట్లు మాత్రం మార్చేముందే వాడేసుకోండి, కొన్ని కార్డుల్లో పోతాయి.) ఇంటి లోన్‌కు వెళ్లే ఆలోచన ఉంటే మాత్రం అంతకు ముందు కొన్ని నెలలు కొత్త కార్డుల జోలికి పోవద్దు.