అద్దె ఇంటి కిటికీలు - 3వ పాఠం: గంజితో గుడ్డ అంటించడం

పోయిన పాఠంలో చెప్పిన పరీక్ష చేశారా? రాత్రి ఇంట్లో లైటు వేసి, బయటికెళ్లి మీ కిటికీ వైపు చూడమన్నాను. పగలు బయట వెలుతురెక్కువ కాబట్టి పల్చటి కర్టెన్ వెనక ఏమీ కనిపించదు. చీకటి పడి లైటు వేశామా, లోపలున్నదంతా బయటికే. అద్దంలా మెరిసే ఫిల్ము సంగతీ అంతే. అందుకే పగలూ రాత్రీ పనికొచ్చే పద్ధతి ఈసారి నేర్చుకుందాం. దీనికి మేకు కొట్టక్కర్లేదు, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఓనరుతో మాట పడక్కర్లేదు.

పాత తెల్ల నూలు పంచె ఒకటి తీసుకోండి. ఎన్నో ఉతుకులు చూసింది కాబట్టి ఇక ముడుచుకోదు. అద్దం వెడల్పు కంటే అంగుళం ఎక్కువగా కత్తిరించండి. ఎత్తు మాత్రం కిటికీ అంతా అక్కర్లేదు, మనిషి తల దాటితే చాలు, పైనుంచి ఆకాశం కనిపించనివ్వండి.

రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్‌ని కొద్దిగా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసున్నర మరిగే నీళ్లలో పోస్తూ తిప్పండి. చీరలకు పెట్టే గంజి కంటే చిక్కగా రావాలి. చల్లారనివ్వండి.

అద్దం మీద దుమ్ము, నూనె జిడ్డు ఉంటే గంజి పట్టదు, ముందు శుభ్రంగా తుడవండి. లోపలి వైపు బ్రష్‌తో గంజి రాసి, గుడ్డను పైనుంచి కిందికి పరుస్తూ అరచేత్తో గాలి బయటికి నెట్టండి. తొందరపడితే ఇక్కడే ముడతలు పడతాయి. ముడత పడితే కంగారొద్దు, గుడ్డ తడిగా ఉన్నంతసేపు లేపి మళ్లీ పరచవచ్చు. పైన ఇంకో పూత వేసి, పూర్తిగా ఆరాక అంచులు బ్లేడుతో కోయండి.

తీసేయాలంటే గోరువెచ్చని నీళ్లతో తడిపి, ఒక మూల పట్టి లాగితే చాలు. సెల్లోటేపైతే ఎండకు దాని జిగురు అద్దాన్ని పట్టుకుని వదలదు.

బాత్రూములో మాత్రం ఇది వద్దు. ఆవిరికి ఊడిపోతుంది, బూజు కూడా పడుతుంది. వంటగదిలోనూ నేను వద్దనే అంటాను, గంజికి బొద్దింకలు చేరతాయి.

ఒక్క జాగ్రత్త. లైటు మీ వెనక ఉంటే మీ నీడ గుడ్డ మీద పడి బయటికి తెలుస్తుంది. కిటికీ ఉన్న గోడకే లైటు ఉంటే ఆ నీడ పడదు. ఈ రాత్రి ఇంట్లో ఒకరిని కిటికీ దగ్గర నిలబెట్టి, బయటినుంచి చూసి రండి.

వచ్చే పాఠంలో బాత్రూము వెంటిలేటర్.