ప్రసూతి, శిశు సంరక్షణ సెలవుల్లో జీతం: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు లెక్క వేసుకోవలసిన తీరు

ప్రసూతి సెలవు 180 రోజులని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో అందరికీ తెలుసు. ఆ ఆరు నెలల్లోనూ, ఆ తరువాత పిల్లల కోసం పెట్టే సెలవుల్లోనూ ఏ నెల జీతం ఎందుకు తగ్గిందన్నది మాత్రం చాలామందికి పే స్లిప్పు చూసిన తరువాతే అర్థమవుతుంది. ఏ సెలవు తరువాత ఏ సెలవు పెట్టాము, దాన్ని ఏ తేదీన మొదలుపెట్టాము అన్న రెండు విషయాల మీదే చేతికి వచ్చే మొత్తం చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా 1972 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల సెలవు నియమాల పరిధిలోకి వచ్చే ఉద్యోగుల గురించి. రైల్వేకు, రాష్ట్ర ప్రభుత్వాలకు వేరే నియమాలున్నాయి.

జీవించి ఉన్న పిల్లలు ఇద్దరికంటే తక్కువగా ఉన్న మహిళా ఉద్యోగికి 43వ నియమం ప్రకారం 180 రోజుల ప్రసూతి సెలవు లభిస్తుంది. సెలవులోకి వెళ్లే ముందు ఆమె తీసుకుంటున్న వేతనమే సెలవు జీతం. ఈ రోజులను ఆర్జిత సెలవు ఖాతా నుంచి గాని, అర్ధవేతన సెలవు ఖాతా నుంచి గాని తగ్గించరు. పైగా ప్రసూతి సెలవులో ఉన్నంత మాత్రాన జనవరిలో, జూలైలో ఖాతాకు జమ అయ్యే సెలవులు ఆగవు.

ఇక భత్యాల సంగతి. కరువు భత్యం సెలవు జీతం మీద వస్తుంది. మధ్యలో రేటు పెరిగితే పెరిగిన రేటే వర్తిస్తుంది. ఇంటి అద్దె భత్యం ఈ 180 రోజులూ పాత రేటులోనే కొనసాగుతుంది. దానికి మరో సెలవు జోడించి ఇంటి దగ్గరే ఉండిపోతే, ఆపైన ఆ భత్యం కోసం డీడీవో, అంటే జీతం బిల్లులు తయారుచేసి సొమ్ము డ్రా చేసే అధికారి, ధ్రువీకరణ పత్రం అడుగుతారు. కోత పడేది రవాణా భత్యంలో. ఒక క్యాలెండర్ నెల మొత్తం విధులకు హాజరు కాకపోతే ఆ నెలకు అది రాదు. నెలలో కొన్ని రోజులైనా పని చేసి ఉంటే వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. హైదరాబాద్‌లో ఏడో వేతన లెవెల్‌లో 44,900 రూపాయల మూలవేతనంతో పనిచేస్తున్న ఉద్యోగి మార్చి 10న ప్రసూతి సెలవు మొదలుపెడితే అది సెప్టెంబర్ 5తో ముగుస్తుంది. మార్చిలో తొమ్మిది రోజులు, సెప్టెంబర్‌లో 6వ తేదీ నుంచి ఆమె విధుల్లో ఉంటుంది గనుక ఆ రెండు నెలలకూ రవాణా భత్యం వస్తుంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు అయిదు నెలలకు రాదు. ఈ లెవెల్‌కు హైదరాబాద్‌లో రవాణా భత్యం నెలకు 3,600 రూపాయలు, దాని మీద కరువు భత్యం అదనం. కరువు భత్యాన్ని లెక్క సులువు కోసం 50 శాతం అనుకుంటే నెలకు 5,400 తగ్గినట్టు. ఇది పొరపాటున పడిన కోత కాదు, నియమమే. దీనిమీద అర్జీ పెట్టి ప్రయోజనం లేదు.

ఇదే ఉద్యోగికి జూలై 1న వార్షిక ఇంక్రిమెంటు ఉందనుకుందాం. ఆ రోజు ఆమె సెలవులో ఉంది కనుక పెరిగిన 46,200 మూలవేతనం విధుల్లో చేరిన సెప్టెంబర్ 6 నుంచే చేతికి వస్తుంది. అంతవరకు సెలవు జీతం పాత వేతనం మీదే లెక్క కడతారు. అయితే ఇంక్రిమెంటు తేదీ మారదు, వచ్చే ఏడాది కూడా జూలై 1నే పడుతుంది. కాన్పు తేదీ మన చేతిలో ఉండదు కాబట్టి ప్రసూతి సెలవు విషయంలో చేయగలిగింది పెద్దగా లేదు. శిశు సంరక్షణ సెలవు అలా కాదు, దాని తేదీలు మనమే ఎంచుకోవచ్చు. ఇంక్రిమెంటు తేదీ సెలవు మధ్యలో పడకుండా చూసుకోవడం మొదటి జాగ్రత్త. నెల రోజుల సెలవును సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు పెడితే ఆ నెల రవాణా భత్యం పోతుంది. సెప్టెంబర్ 16 నుంచి అక్టోబర్ 15 వరకు పెడితే రెండు నెలలకూ వస్తుంది. తీసుకున్నది అవే ముప్పై రోజులు.

శిశు సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 730 రోజులు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కోసం, అదీ మొదటి ఇద్దరి కోసమే, దీన్ని వాడుకోవచ్చు. వైకల్యం ఉన్న బిడ్డకు వయోపరిమితి లేదు. మహిళా ఉద్యోగులతో పాటు ఒంటరి తండ్రులూ, అంటే అవివాహితులు, భార్య చనిపోయినవారు, విడాకులు పొందినవారు, దీనికి అర్హులే. ఏడాదికి మూడు విడతలు మించకూడదు, ఒంటరి మహిళలకైతే ఆరు. ఒక్కో విడత అయిదు రోజులకు తగ్గకూడదు. మొదటి 365 రోజులకు పూర్తి వేతనం, తరువాతి 365 రోజులకు 80 శాతం. ఈ 365 ఒక్కో బిడ్డకు విడివిడిగా వస్తుందనుకునేవారు చాలామంది ఉన్నారు. అది సరికాదు. ఇద్దరికీ కలిపి, సర్వీసు మొత్తానికి ఒకే లెక్క. పై ఉదాహరణలోని వేతనంతోనే చూస్తే, మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 67,350 రావలసిన చోట 80 శాతం దశలో 53,880 వస్తుంది.

అందుకే బిడ్డ పసితనంలోనే పూర్తి వేతనపు రోజులన్నీ ఖర్చు చేయకుండా, పదో తరగతి, ఇంటర్ పరీక్షల ఏళ్లకు కొన్ని దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. 80 శాతం దశకు చేరినవారు దాని బదులు పూర్తి వేతనంతో ఆర్జిత సెలవు పెట్టుకోవచ్చు. కానీ పదవీ విరమణ నాడు 300 రోజుల వరకు ఆర్జిత సెలవును నాటి వేతనం లెక్కన నగదు చేసుకునే వీలుంది కనుక, ఈ రోజు మిగిలే 20 శాతం కోసం అప్పటి పూర్తి రోజు జీతాన్ని వదులుకుంటున్నామా అన్నది చూసుకోవాలి. ఖాతాలో 300 నిండి, ఏటా చేరేవి మురిగిపోతున్నవారికి మాత్రం ఈ సందేహమే అక్కరలేదు. వారు ఆర్జిత సెలవే ముందు వాడుకోవాలి.

ప్రసూతి సెలవు ముగిశాక బిడ్డ కోసం ఇంకా ఇంటి దగ్గర ఉండవలసి వస్తే, దానికి కొనసాగింపుగా ఖాతాలో ఉన్న ఇతర సెలవులను రెండేళ్ల వరకు అడగవచ్చు. వీటిలో 60 రోజుల వరకు కమ్యూటెడ్ సెలవుకు, అంటే రెండు అర్ధవేతన సెలవులను ఒక పూర్తి వేతన సెలవుగా మార్చుకునేదానికి, వైద్య ధ్రువపత్రం అవసరం లేదు.

తండ్రికి పితృత్వ సెలవు 15 రోజులు, పూర్తి వేతనంతో. కాన్పుకు 15 రోజుల ముందు నుంచి కాన్పయిన ఆరు నెలల్లోపు వాడుకోవాలి, లేకపోతే ఆ హక్కు పోతుంది. ఏడాది లోపు వయసున్న బిడ్డను చట్టబద్ధంగా దత్తత తీసుకున్న తల్లికి 180 రోజులు, తండ్రికి 15 రోజులు ఉంటాయి. 2024 జూన్ సవరణతో సరొగసీ ద్వారా బిడ్డను పొందే తల్లికీ, గర్భం మోసే మహిళ ప్రభుత్వ ఉద్యోగి అయితే ఆమెకూ 180 రోజులు, తండ్రికి 15 రోజులు వచ్చాయి.

గర్భస్రావమైతే సర్వీసు మొత్తంలో 45 రోజుల వరకు, పిల్లల సంఖ్యతో సంబంధం లేకుండా, పూర్తి వేతనంతో సెలవు ఇస్తారు. బిడ్డ మృతశిశువుగా పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు చనిపోయినా 2022 సెప్టెంబర్ ఉత్తర్వుల ప్రకారం 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు ఉంది. అప్పటికే వాడుకున్న ప్రసూతి సెలవును వైద్య ధ్రువపత్రం అడగకుండా ఖాతాలోని వేరే సెలవుగా మార్చి, బిడ్డ చనిపోయిన రోజు నుంచి ఈ 60 రోజులు ఇవ్వాలి. అలాంటి సమయంలో ఆ తల్లి చేత కాగితాల వెంట పరుగులు పెట్టించకుండా కార్యాలయంలోని సహోద్యోగులెవరైనా ఈ పని చూసుకుంటే బాగుంటుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వాల ఉద్యోగులకు కూడా ప్రసూతి సెలవు 180 రోజులే. శిశు సంరక్షణ సెలవు దగ్గర మాత్రం తేడా పెద్దది: తెలంగాణలో 2016 ఉత్తర్వులతో 90 రోజులు, ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఉత్తర్వులతో 180 రోజులు. ప్రసూతి సెలవుకు ఇద్దరు పిల్లల పరిమితిని ఆంధ్రప్రదేశ్ 2025లో తొలగించింది. భార్య రాష్ట్రంలో, భర్త కేంద్రంలో పనిచేసే ఇళ్లలో ఒకరి నియమాలను మరొకరికి అన్వయించుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

దరఖాస్తులో సెలవు పేరు, నియమం సంఖ్య, తేదీలు స్పష్టంగా రాసి, కాన్పు ఎప్పుడన్నది తెలిపే వైద్యుల పత్రం జతచేయాలి. మంజూరు ఉత్తర్వు చేతికి రాగానే అందులోనూ అవే ఉన్నాయో లేవో సరిచూసుకోవాలి, ఎందుకంటే జీతం బిల్లు తయారయ్యేది ఆ ఉత్తర్వును బట్టే. శిశు సంరక్షణ సెలవుకు ముందే మంజూరు తీసుకోవాలి. అది హక్కుగా అడిగేది కాదు, ప్రొబేషన్‌లో మామూలుగా ఇవ్వరు కూడా. ఈ సెలవుకు సర్వీసు బుక్కులో వేరే ఖాతా పట్టిక ఉంటుంది. ప్రతి విడత తరువాత దాన్ని చూసి 365లో ఎన్ని మిగిలాయో తెలుసుకోవాలి, బదిలీకి ముందైతే తప్పకుండా. నెల జీతంలో ఇక్కడ చెప్పని కోత కనిపిస్తే, ఉత్తర్వు ప్రతిని, ఆ నెల పే స్లిప్పును, సెలవుకు ముందు నెల పే స్లిప్పును జతచేసి, ఏ పద్దు కింద ఎంత తగ్గిందో అంకెలతో సహా డీడీవోకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.